నా తమ్ముడి ఉద్యోగానికి తెలుగు మాట

నేను మేడ్చల్‌లో తెలుగు పండితుణ్ణి. పిల్లలు 'చల్లగా' అనాల్సిన చోట 'సల్లగా' అని రాస్తే ఇరవై ఏళ్లుగా ఎర్రసిరాతో కొట్టేస్తూ వచ్చాను. ఈ కథలో తప్పంతా నాదే కనుక నా యోగ్యత ముందే చెప్పుకుంటున్నాను.

మా తమ్ముడు సుధాకర్ సైన్యంలో మందుపాతరలు, పేలని బాంబులు తీసేసే పనిలో ఉండేవాడు. సెలవులకు ఇంటికొస్తే ప్రెషర్ కుక్కర్ దగ్గరికి మాత్రం వెళ్లేవాడు కాదు. దాన్ని నమ్మడానికి లేదనేవాడు.

1994లో శామీర్‌పేట నుంచి సుశీల సంబంధం వచ్చింది. అబ్బాయి ఏం చేస్తాడని వాళ్లు అడిగితే జవాబు నేను రాశాను. 'బాంబులు తీస్తాడు' అని రాయడం నాకు నామోషీ అనిపించింది. పేపర్లో చూసిన మాట పట్టుకుని, 'చిరంజీవి సైన్యమున నిర్వీర్య విభాగములో పనిచేయుచున్నాడు' అని రాశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని బడిలో చెప్పేది కూడా నేనే.

పది రోజులు కబురు లేదు. ఆరా తీస్తే తెలిసింది. సుశీల అవ్వ శంకరమ్మ ఆ ఉత్తరం చదివించుకుని, మగతనం లేనివాళ్లకు సర్కారు వేరే దళం పెట్టిందని అర్థం చేసుకుందట. మనవరాలి గొంతు కోయబోయారని ఊరంతా చెప్పి ఏడ్చిందట.

సుధాకర్ సెలవు ఇంకా ఆరు రోజులే ఉంది. బస్సెక్కి తనే వెళ్లాడు. కాలు కడుక్కోవడానికి నేనూ వెళ్లాను. అవ్వ మమ్మల్ని గడప దగ్గరే నిలబెట్టి, అసలు నువ్వు చేసే పనేమిటని వాణ్ణి అడిగింది.

"గరమైనదాన్ని సల్లజేస్త, అవ్వా," అన్నాడు వాడు.

అవ్వ పక్కకు జరిగి లోపలికి రమ్మంది. తలుపు వెనక సుశీల నవ్వడం వినబడింది. పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి అశ్రిత పుట్టింది. తొట్టెలలో వేసిన రోజున అవ్వ పిల్లను ఎత్తుకొచ్చి నాకు చూపించి వెళ్లిపోయింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. మనవాళ్లు కొండెక్కే దారిలో సుధాకర్ పదకొండు మందుపాతరలు తీశాడు. పన్నెండోది పేలింది. పెట్టె తెచ్చిన అధికారి దాన్ని తెరవొద్దన్నాడు. సుశీల దాని మీద పెట్టిన చెయ్యి చితి దాకా తీయలేదు. కుక్కర్‌కు భయపడే మనిషి అక్కడెందుకు జాగ్రత్తపడలేదని నాకు వాడి మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది.

ఏడాదికి మా చెలకలో వాడి పేరిట రాయి పెట్టాలనుకున్నాం. మాటలు మళ్లీ నేనే కూర్చాను. 'శత్రువుల మందుపాతరలను నిర్వీర్యము చేయుచు అసువులు బాసిన' అంటూ నాలుగు వరుసలు వచ్చాయి. సుశీలకు చదివి వినిపించాను. ఆమె నా జేబులోని ఎర్రపెన్ను అడిగి తీసుకుని, పేరు, తేదీలు ఉంచి మిగతాదంతా కొట్టేసింది.

"గా మాటతోని ఒకపారి నా పెండ్లే చెడిపోతుండె, బావా. ఆయన ఏం జేసెటోడో ఆయన మాటల్నే రాయుండ్రి," అంది.

రాశాను. పేరు కింద 'గరమైనదాన్ని సల్లజేస్త' అన్న ఒక్క వరుసే. రాయి చెక్కే బాలమల్లు నా దగ్గర చదువుకున్నవాడే. కాగితం చూసి ఉలి కిందపెట్టాడు.

"సారూ, గిది 'చల్ల' గదా. దిద్దమంటరా?"

"వద్దురా," అన్నాను. "'స' అనే చెక్కు."