సెకండ్ హాఫ్ ఆపిన రీళ్ల అంకుల్

నా చిన్నప్పుడు, మేముండే అమెరికా ఊరు పిస్కాటవేలో తెలుగు సినిమా చూడాలంటే ఒక్కరే దిక్కు. పిల్లలమంతా ఆయన్ని రీళ్ల అంకుల్ అనేవాళ్లం. వారమంతా ఉద్యోగం చేసి, శుక్రవారం సాయంత్రం ఎయిర్‌పోర్టుకు వెళ్లి బరువైన రీళ్ల డబ్బాలు తెచ్చుకునేవారు. మన సినిమాకు హాలు అద్దెకివ్వమని చుట్టుపక్కల థియేటర్ల మేనేజర్లందరినీ బతిమాలి, చివరికి ఒకరిని ఒప్పించారు. ఇవాళ అమెరికాలో ఏ మూల చూసినా తెలుగు సినిమా ఆడుతోందంటే దానికి దారి వేసింది అలాంటివాళ్లే. ఆయన పేరు ఎవరూ ఎత్తరు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెద్ద హీరో సినిమా వచ్చిందంటే మనవాళ్లు సంచుల్లో కాగితం ముక్కలు తెచ్చి, హీరో తెరమీదికి రాగానే గాల్లోకి విసిరేవారు. ఆట అయ్యాక అందరూ కార్లెక్కి వెళ్లిపోతే, అంకుల్ ఒక్కరే సీట్ల కింద దూరి ఏరేవారు. మరోసారి హాలు పాడైతే ఇక తెలుగు సినిమాకు ఇవ్వనని మేనేజర్ చెప్పేశాడు. అంకుల్ అందరికీ ఫోన్ చేసి మరీ ఆ మాట చెప్పారు. అయినా ఆ తరవాతి శనివారం ఆటకు మా నాన్న, ఊళ్లో పేరున్న గుండె డాక్టరు, ఇంట్లో ష్రెడర్ మిషన్లో వేసి ముక్కలు చేసిన కాగితాలు పెద్ద సంచి నిండా తెచ్చి విసిరారు.

ఇంటర్వెల్లో సమోసాలు తిని అందరూ వచ్చి కూర్చున్నా తెర వెలగలేదు. అంకుల్ ముందుకొచ్చి నిలబడ్డారు.

“కాగితాలు తీస్తేనే సెకండ్ హాఫ్ స్టార్ట్ చేయిస్తాను” అన్నారు.

ఈలలు, కేకలు. టికెట్ కొన్నాం కదా అని ఎవరో అరిచారు. ఆయన కదల్లేదు. చివరికి మా నాన్న విసుగ్గా నా భుజం తట్టారు.

“వెళ్లమ్మా, నువ్వూ పిల్లలూ కలిసి క్లీన్ చేసేయండి.”

నేను లేచాను. అంకుల్ మా వరస దగ్గరికి వచ్చారు.

“పాపను కూర్చోనివ్వండి డాక్టరుగారూ. విసిరింది మీరు.”

నాన్న మొహం కందగడ్డలా అయింది. వంగి కాగితాలు ఏరడం మొదలుపెట్టారు. ఆయన వెనకే ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, పట్టుచీరల ఆంటీలు వంగారు. పిల్లలం కాళ్లు పైకి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

ఇంటికి వెళ్తుంటే కారులో నాన్న “వాడి సినిమాకి ఇంక ఎవడొస్తాడో చూస్తా” అన్నారు. అన్నంత పనీ చేశారు. ఫోన్ల మీద ఫోన్లు చేసి వేరేవాళ్ల చేత సినిమాలు తెప్పించారు. అంకుల్ ఆటలకు జనం రావడం మానేశారు. ఆ రోజు తరవాత ఎవరూ కాగితాలు విసరక హాలు శుభ్రంగా ఉంటోందని మేనేజర్ దాన్ని ఆ కొత్తవాళ్లకే ఇచ్చాడు. తరవాత ఒక తెలుగు సభలో, అమెరికాకు మన సినిమా తెచ్చినవారంటూ శాలువా కూడా వాళ్లకే కప్పారు. కప్పింది మా నాన్నే. అంకుల్ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.

నాన్నంటే నాకు ప్రేమే. ఆ కోపం మాత్రం చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు. ఇప్పుడు వంటింట్లో నా చేతిలోంచి గ్లాసు జారి పాలు ఒలికితే, మా అమ్మాయి గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. ఆ గుడ్డ నేనే తీసుకుంటాను.

“నువ్వు కూర్చో తల్లీ. ఒలకబోసింది నేను.”