వానపాము వీడియో

మా మనవరాలు ఫోనులో తోసినట్టు బొటనవేలితో తోస్తే పాఠ్యపుస్తకంలో అక్షరాలు పైకి జరుగుతాయి. సరే, అక్షరాలు కాదు లెండి, పుస్తకమే జారి బల్ల మీంచి పడుతుంది. ఫోను ముందు నిలబడితే జడ ముందుకేసుకుని, కనుబొమ్మలెగరేసి, పిల్లికి పోసిన స్నానం గురించి కూడా ఊపిరి తీసుకోకుండా చెబుతుంది. క్లాసులో లేచి చదవమంటే మాత్రం బెల్లం కొట్టిన రాయే. మొన్న టీచరుకి విసుగొచ్చింది. "ఇవాళ కూడా చదవకపోతే రేపట్నుంచి మూడో తరగతిలో కూర్చుంటావ్!" అంది. పిల్ల లేచింది. పుస్తకం తెరిచింది. పక్కనున్న స్నేహితురాలు జామెట్రీ బాక్సు తీసి, ఫోనులా దాని మొహానికెదురుగా పట్టుకుని, "రికార్డవుతోందే, కానీ!" అంది.

అంతే, కనుబొమ్మలు లేచాయి. "హాయ్ ఫ్రెండ్స్! వానపాముకి కళ్లుండవు. మరి దారెలా తెలుస్తుంది? చివరిదాకా చూడండి!" అని మొదలెట్టి, తడబడినచోట "సారీ ఫ్రెండ్స్" అనుకుంటూ పాఠమంతా చదివేసింది. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు.

"రేపు మూడో తరగతికి వెళ్లాల్సిందేనే నువ్వు," అంది టీచరు నవ్వాపుకోలేక. "కూర్చోడానిక్కాదు, వాళ్లకి చదివి వినిపించడానికి."

ఇదంతా ఆ స్నేహితురాలు చెప్పిందే. నిజమేనా అని ఇంట్లో అడిగితే పిల్ల ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు.

"అన్నీ కోతలే తాతయ్యా! ఆ రోజు నేనసలు బడికే వెళ్లలేదు."