అక్క మంచిగున్నదని అందరితో చెప్పించాను

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. ఇంతకాలం రాయకపోవడానికి చదువు రాకపోవడమే కారణమని చెప్పుకోవచ్చు. అది సగం నిజం. యాభై దాటాక చిట్కుల్‌లో మహిళా సంఘం వాళ్లు మధ్యాహ్నం పూట నడిపిన తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు ఎవరిచేతనైనా రాయించాలంటే ఆ రాసే మనిషికి తెలిసిపోతుంది. అందుకని ఊరుకున్నాను. మరి అక్షరాలు వచ్చాక? బస్సు బోర్డులు చదివాను. సంఘంలో వేలిముద్ర మానేసి సంతకం పెట్టాను. ఇది మాత్రం రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మొదట నేను పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగేదాన్ని. తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారంటే సూపర్‌వైజర్ మమ్మల్ని షెడ్డు వెనక నిలబెట్టి జవాబులు నేర్పేవాడు. గ్లౌజులు ఇస్తున్నారా అంటే ఇస్తున్నారు. తల తిరుగుతుందా అంటే తిరగదు. అందరి చేతా పలికించి, తడబడిన వాళ్లతో మళ్లీ చెప్పించేవాడు. ఒకామె మాత్రం ఆఫీసరుకు నిజం చెప్పింది. మర్నాడు ఆమెను గేటు లోపలికి రానివ్వలేదు. అప్పటి నుంచి కాగితం, పెన్ను పట్టుకొని ఎవరొచ్చినా మా వాడలో అందరిదీ ఒకటే జవాబు. అంతా మంచిగనే ఉన్నది.

చేతుల చర్మం ఊడిపోయి ఆ పని మానేశాక ఒక సంస్థ నడిపే చిన్న సెంటర్‌లో చేరాను. కిరాయికి తీసుకున్న రెండు గదులు. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు వచ్చి తమ కష్టాలు చెప్పుకునేవారు. వినడానికి సునంద అనే ఆమె ఉండేది. సోషల్ వర్క్ చదివింది. నాకంటే పదేళ్లు చిన్నది, అయినా అందరితో పాటు నేనూ ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. నా పని ఊడ్వడం, చాయ్ పెట్టడం. నీడలో కూర్చుని చేసే పని. అలాంటిది దొరకడం నాకు ఎంత పెద్ద సంగతో చెప్పలేను.

అక్క ఎలా వినేదంటే, చెప్పేవాళ్ల బాధంతా తన వంటికి ఎక్కించుకునేది. మొగుడు తాగి కొట్టిన ఆమె, రియాక్టర్ పేలి భర్త పోయిన ఆమె, రోజుకు ఎంతోమంది. వాళ్లు తేలికపడి వెళ్లిపోయేవారు. అక్క వెనక గదిలోకి వెళ్లి, ఏడుపు వినపడకుండా నల్లా తిప్పుకొని కూర్చునేది. డబ్బాలో తెచ్చుకున్న అన్నం అలాగే ఉండేది. నేనే తీసుకెళ్లి కుక్కలకు వేసేదాన్ని. ఇదంతా చూసింది నేనొక్కదాన్నే.

అప్పుడు పట్నం కాలేజీ నుంచి వాణి అనే పిల్ల వచ్చింది. ఆమె కూడా అక్క చదివిన చదువే చదువుతోంది. వచ్చిన రోజు నుంచే నాకు అనుమానం. మా నీళ్లు తాగదు, బాటిల్ తెచ్చుకుంటుంది. మా నీళ్ల వాసనకు ఎవరైనా అదే చేస్తారని అప్పుడు తోచలేదు. ఒకరోజు ఫ్యాక్టరీ వ్యాను దిగి మా సెంటర్‌కు నడిచి వచ్చింది. అంతే, నాకు ఖాయమైపోయింది. ఈ పిల్లను ఎవరో పంపారు. బస్సు రాక లిఫ్ట్ అడిగి ఎక్కిందేమో. ఆ మాట నేను ఆమెను ఎన్నడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం నేను చాయ్ గిన్నె తోముతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"అమ్మా, సునంద మేడం అన్నం మంచిగ తింటున్నరా?"

"తింటది. నీకెందుకు బిడ్డా?"

"మా క్లాసుల అందరం ఈ పని చేద్దామనే ఉషారుగ చదువుతున్నం. కని ఈ పని చేసేటోళ్ల మనసు ఎట్లుంటదో మాకు ఎవ్వరు చెప్పరు. నేను రాసేది దాని గురించే."

"రాసి ఎవరికిస్తవ్?"

"మా కాలేజీల."

"ఆడికెళ్లి ఏడికి పోతది?"

ఆ పిల్ల నవ్వింది. "ఏడికి పోదమ్మా. బీరువాల పెడ్తరు."

"బీరువాల పెట్టెటందుకు గింత దూరం వస్తవా? నేను గంత పిచ్చిదానిలెక్క కనిపిస్తున్ననా?"

ఆ పిల్ల నవ్వు ఆపేసింది. గొంతు తగ్గించింది. "మిమ్ముల్ని అడగమన్నది సునంద మేడమేనమ్మా. 'నా నోటితోని నేను చెప్పుకోలేను. ఆమెకు అంత ఎరుకే, ఆమెను అడుగు' అన్నరు."

నా నోరు విప్పించడానికి ఆ పిల్ల వేసిన ఎత్తు అది అనుకున్నాను. మా సూపర్‌వైజర్ కూడా అలాగే, ఫలానా ఆమె అంతా చెప్పేసింది అంటూ మా నోళ్లు విప్పించేవాడు.

"అక్క మంచిగున్నది. పొద్దందాక నవ్వుతనే ఉంటది. గదే రాస్కో" అన్నాను.

అక్కడితో ఆగితే అది ఒక్క అబద్ధమే అయ్యేది. నేను ఆగలేదు. ఆ పిల్ల మిగతా ఆడవాళ్లనూ అడుగుతుందని తెలిసి, వాళ్లను సెంటర్ వెనక గోడ దగ్గర నిలబెట్టాను. సూపర్‌వైజర్ మమ్మల్ని నిలబెట్టినట్టే. అక్క ఎప్పుడన్నా విసుక్కుంటుందా అంటే లేదు. అలసిపోయినట్టు కనపడుతుందా అంటే లేదు. అందరి చేతా పలికించాను. మా పక్కింటి మల్లమ్మ, "నేనైతే అక్క డ్యాన్సు గూడ చేస్తదని చెప్త" అంది. అందరం పడీపడీ నవ్వాం. ఆ పిల్ల అడిగింది, వాళ్లు చెప్పారు, ఆమె రాసుకొని వెళ్లిపోయింది. ఆ కాలేజీ బీరువాలో మా అక్క సంతోషంగా ఉన్న మనిషి.

ఎందుకు చేశాను? అక్కను తీసేస్తారని భయపడ్డానా? పడ్డాను. సెంటర్ మూతపడితే మళ్లీ డ్రమ్ముల దగ్గరికి పోవాలని కూడా భయపడ్డాను. ఏ భయం పెద్దదో అప్పుడు తూచి చూసుకోలేదు, ఇప్పుడు తూస్తే రెండోదే మొగ్గుతుంది. ఇంకొకటి ఉంది. చెప్పడానికి సిగ్గు. అంత చదువుకున్న మనిషి ఏడుపు నా ఒక్కదానికే తెలుసని నాకు గర్వంగా ఉండేది. దాన్ని ఇంకొకరితో పంచుకోబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు ఒక ఆడమనిషి ఎదురుగా కూర్చుని తన గోడు చెప్పుకుంటోంది. అక్క ఉన్నట్టుండి లేచి ఆమె నోటిని రెండు చేతులతో మూసేసింది. చాలు, చాలు అంటూ వదల్లేదు. నేనే ఆ చేతులు విడిపించాను. అవి మంచుగడ్డల్లా ఉన్నాయి. సాయంత్రం అక్క అన్న వచ్చాడు. ఆటో ఎక్కేముందు ఆమె నా వైపు చూసింది.

"నువ్వన్న చెప్తవనుకున్న."

ఆ పిల్ల చెప్పింది నిజమేనని అప్పుడు తెలిసింది. అక్క తన నోటితో అడగలేని సాయాన్ని నా నోటితో అడగబోయింది. నేను ఆ నోటికి తాళం వేశాను.

ఆమె మళ్లీ ఏ పనీ చేయలేదని విన్నాను. చూడ్డానికి వెళ్లలేదు. కోపంతో అందా, బాధతో అందా అని ఇన్నేళ్లూ ఆ మాటను తిప్పి తిప్పి చూశాను. బాధే అయి ఉంటుందని ఒకోసారి అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు నా మీద నాకే అనుమానం, నాకు అనుకూలంగా ఉందనే అలా అనుకుంటున్నానేమోనని.

రాసేశాను. ఎవరూ నన్ను క్షమించనక్కర్లేదు. ఊపిరి మాత్రం కొంచెం కిందిదాకా దిగుతోంది.

ఈ చివరి ముక్క మర్నాడు రాస్తున్నాను. పొద్దున్నే మల్లమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు ఇప్పటికీ చదువు రాదు. చాటలో బియ్యం ఏరుతోంది. గడప పక్కన కూర్చుని ఇదంతా మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. గోడ దగ్గర నిలబెట్టిన చోటుకు వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎవలన్న అడగనీకె వచ్చిన్రా?"

"లేదు. నేనే రాసిన."

"ఎవ్వలు రాకుంటె ఎందుకు రాస్తివే? చింపి పొయ్యిల పెట్టు."

నేను చింపలేదు. మల్లమ్మ లేచి వీధిలోకి అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేసింది. నేను మిగిలింది కూడా గొంతు తగ్గించకుండా చదివాను.