కొంగు కప్పని ముఖం

దస్తగిరి మూర్ఛ వచ్చి పడ్డప్పుడల్లా షాకేరా చేసే మొదటి పని, కొంగు లాగి అతని ముఖం మీద కప్పడం. పెళ్ళయిన కొత్తలో అత్త నేర్పిన సంగతి అది. "మూర్ఛల ఉన్నోని మొఖం చూడొద్దు బిడ్డా, చూసినోళ్ళకు తగుల్తది" అని చెప్పింది. నలుగురూ చూసి చులకన చేస్తారన్న సిగ్గు కూడా తోడైంది. కొంగు కప్పి, తాను కళ్ళు గట్టిగా మూసుకుని, అతని కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగేదాకా దువా చదువుకుంటూ కూర్చునేది.

పాల్వంచలో భద్రాచలం పోయే రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో వాళ్ళ కొట్టు. దస్తగిరి తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకినవాడు. దస్తగిరి కాలానికి మోటారు మిషను వచ్చింది. మిషనంటే పెద్ద హంగేమీ లేదు. బెల్టుతో తిరిగే రోలరు, దాని ఒంటినిండా ఇనుప పళ్ళు. పాత పరుపులో గడ్డకట్టిన దూదిని దాని నోటికి అందిస్తే అవతల వైపు పొంగి పడుతుంది. అందించే చెయ్యి పళ్ళకు జానెడు ఇవతల ఆగాలి. ఆ జానెడు మేరలోనే షాకేరా ప్రాణం కొట్టుకులాడేది.

ఎందుకంటే మూర్ఛ చెప్పి రాదు. ఒకసారి నమాజుకు పోతూ దారిలో పడ్డాడు, ఒకసారి అన్నం ముందు. మిషను ముందు ఇంకా పడలేదు, అంతే.

చెయ్యని వైద్యం లేదు. దర్గాలో తాయెత్తు కట్టించింది. పక్క కొట్టులో మిరపకాయ బజ్జీలు వేసే జంపక్క తాళాల గుత్తి పట్టుకుని పరుగున వచ్చి దస్తగిరి గుప్పిట్లో కుక్కేది. తగ్గాక, తన తాళాలు పెట్టబట్టే తగ్గిందని బజారంతా చెప్పేది. ఊళ్ళో డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే పగలంతా మత్తు. మూర్ఛలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

"హైదరాబాదు నుంచి నరాల డాక్టర్ ఖమ్మం వస్తుండట. నెలకోపాలి వచ్చి పోతడట. పోండి ఓపాలి," అన్నది జంపక్క.

"నీ తాళాలు ఉండంగ డాక్టరెందుకు అక్కా?" అన్నాడు దస్తగిరి.

"నవ్వు, నవ్వు. నీ పెండ్లాం మొఖం చూడు, నవ్వు అదే పోతది."

ఖమ్మంలో డాక్టర్ వెంకటనారాయణ మాట తక్కువ మనిషి. పని మాత్రం తొందర లేకుండా చేశాడు. కళ్ళలోకి లైటు వేశాడు. చిన్న రబ్బరు సుత్తితో మోకాళ్ళ కింద, మోచేతుల మీద కొట్టి చూశాడు. అరికాలు మీద తాళంచెవితో గీశాడు. గీత గీసినట్టు నడవమన్నాడు. చేతులు రెండూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. కాసేపటికి దస్తగిరి కుడి చెయ్యి, అతనికి తెలియకుండానే, కొద్దిగా కిందికి వాలింది. డాక్టర్ అక్కడే ఆగిపోయి, మళ్ళీ చేయించాడు. మళ్ళీ వాలింది.

"పడే ముందు నీకేమైతది?"

"నాకేం ఎరుక సారూ. లేచేసరికి నాలుక కరుసుకోని ఉంట. మధ్యలది అల్లాకే ఎరుక."

డాక్టర్ షాకేరా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. మొట్టమొదట ఏది కదులుతుంది? కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? మూతి ఎటు లాగుతుంది? కళ్ళు ఎటు తిరుగుతాయి?"

ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్న మనిషి, అందులో ఒక్కటీ చూసి ఎరగదు.

"మొఖం మీద కొంగు కప్పుత సారూ," అన్నది నేల చూస్తూ.

డాక్టర్ నవ్వలేదు, కసురుకోలేదు. "ఇతను నా ముందు పడడు కదమ్మా. నీ ముందు పడతాడు. మూర్ఛ అన్నది మెదడులో పుడుతుంది. కొందరికి మెదడంతా ఒకేసారి, కొందరికి ఒక్క చోట మొదలై పాకుతుంది. ఎక్కడ మొదలైందో తెలిస్తే మందు తీరు మారుతుంది, పరీక్షలో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇది అంటుకునే రోగం కాదు. చూస్తే నీకేమీ కాదు."

ఇంకా చెప్పాడు: గుప్పిట్లో ఇనుము వద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గుండీలు వదులు చెయ్యాలి. ఉన్న మాత్రలు ఒక్కసారిగా మానొద్దు. మిషను దగ్గరికి మాత్రం పోనే పోవద్దు.

"మిషను ఇడిస్తే నేనేం పని జెయ్యాలె సారూ?"

"చేతులు ఉంటే ఏ పనైనా చేస్తావు," అన్నాడు డాక్టర్.

ఆనాటి నుంచి షాకేరాకు కొత్త కష్టం మొదలైంది. ఎన్నడూ రావద్దని మొక్కుకున్న దానికోసం కాపు కాయవలసి వచ్చింది. అతను తింటుంటే చూసేది, సూదికి దారం ఎక్కిస్తుంటే చూసేది. చూస్తే తగలదని డాక్టర్ చెప్పాడు. తగులుతుందని అత్త చెప్పింది. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేలాలంటే తన ఒంటి మీదే తేలాలి.

"ఏందే, అంగట్ల కోడిని చూసినట్టు చూస్తున్నవ్? ధర కడ్తవా?" అని విసుక్కునేవాడు దస్తగిరి.

"కట్టిన్లే ఎప్పుడో. తిను."

కొన్నాళ్ళు అతను పరుపులు కుట్టడంతోనే సరిపెట్టుకున్నాడు. ఒక అంగడి రోజున పెళ్ళివాళ్ళు వచ్చి పరుపుల కోసం కూర్చున్నారు. "ఈ ఒక్క మూటే" అంటూ దస్తగిరి మోటారు వేశాడు. వద్దన్న షాకేరా మాట రోలరు రొదలో కలిసిపోయింది. ఆమె చేతులు దూది గడ్డలు విప్పుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం అతని చేతుల మీదే.

దస్తగిరి కుడి చేతి బొటనవేలు ఉలిక్కిపడ్డట్టు ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. చేతిలో దూది జారింది.

షాకేరా లేచిన తీరు ఆమెకే తెలియదు. ముందు స్విచ్ కొట్టింది. మోటారు ఆగినా రోలరు ఇంకా తిరుగుతూనే ఉంది. వెనకనుంచి చొక్కా పట్టి గుంజింది. ఇద్దరూ కలిసి దూది కుప్ప మీద పడ్డారు. ముఖం దూదిలో కూరుకుపోకుండా అతన్ని నేల మీదికి లాగి పక్కకు తిప్పింది.

జనం మూగారు. జంపక్క తాళాలతో వచ్చింది.

"వద్దక్కా, ఇనుము వద్దన్నడు."

"అయితే కొంగన్న కప్పవే పిల్లా! అందరు చూస్తున్నరు!"

"చూడనీ."

కొంగు నడుముకు చెక్కుకుని, షాకేరా వంగి భర్త ముఖంలోకి చూసింది. కుడి చెయ్యి మొత్తం ఊగుతోంది, ఎడమది ఇంకా నిమ్మళంగానే ఉంది. మూతి కుడి పక్కకు గుంజుకుపోయింది. కళ్ళు రెండూ కుడికే. ఆ తర్వాతే కాళ్ళూ ఎడమ చెయ్యీ బిగుసుకుని, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. మరిచిపోతానేమోనని పైకే చెప్పుకుంది. "ముందు బొటనేలు. ఎనక చెయ్యి. ఎనక మూతి. అన్నీ కుడి పక్కకే." చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెకు కూడా ఏదో పట్టిందనుకున్నారు.

ఆ మాటలే వరస తప్పకుండా ఖమ్మంలో చెప్పింది. డాక్టర్ వింటూ తల ఆడించాడు.

"కుడి చెయ్యి ఎడమ మెదడు చేతిలో ఉంటుందమ్మా. ఎడమ పక్క, చేతిని ఆడించే చోట పుడుతోంది. చెయ్యి వాలినప్పుడే నాకు అనుమానం వచ్చింది, నువ్వు ఖాయం చేశావు."

హైదరాబాదులో తల స్కానింగు తీయిస్తే సరిగ్గా అక్కడే శనగబద్దంత మచ్చ కనిపించింది. ఎప్పుడో తిండితో ఒంట్లోకి పోయి మెదడుకు చేరిన పురుగు చచ్చి, గట్టిపడి మిగిల్చిన గుర్తన్నాడు డాక్టర్. కోయవలసిన పని లేదు. మత్తు మాత్రలు మెల్లమెల్లగా తగ్గిస్తూ, వేరే మందు కొద్దికొద్దిగా పెంచాడు. పూట తప్పితే మొదటికే వస్తుందని ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు.

ఇప్పుడు మిషను దగ్గర షాకేరా. దస్తగిరి షెడ్డు అవతలి గోడకు ఆనుకుని పరుపులు కుడతాడు, మధ్యమధ్య కేకలు వేస్తాడు.

"జానెడు! జానెడు ఆపమన్ననా లేదా? చేతులు ఎనక్కి దియ్!"

"నువ్వు సూది జూస్కో."

మూర్ఛ వచ్చి చాలా కాలమైంది. అయినా ఒకనాటి మధ్యాహ్నం దస్తగిరి చేతిలో సూది కిందపడింది. షాకేరా మోటారు ఆపి పరుగెత్తింది. అతను పడలేదు. గోడకు ఆనుకుని, పైకీ కిందికీ ఎగురుతున్న తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. మందు దాన్ని అక్కడికక్కడే ఆపింది, చేతి నుంచి పైకి పాకనియ్యలేదు. కాసేపటికి చెయ్యి కుదుటపడింది.

దస్తగిరి నుదురంతా చెమట. తన మూర్ఛను తాను చూడడం అతనికి అదే మొదలు.

"గిట్లనా వచ్చేది నాకు?" అన్నాడు. "నాకు భయమైతుందే."

"అవ్. భయమే," అన్నది షాకేరా. అతని పక్కన నేల మీద కూర్చుని, ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "మందు ఏసుకున్నవా పొద్దున?"

"మరిసిన," అన్నాడు అతను, కిందపడ్డ సూది వెతుకుతున్నట్టు తల వంచి. షాకేరా లేచి మాత్రల డబ్బా, నీళ్ళూ తెచ్చి అతని ముందు పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడింది.