మసి పట్టిన గాజు మీద నాలుగు వరుసలు

ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను, కాళ్ళు చాపుకుని కూర్చోండి. ఇందులో పాలరాతి మెట్లున్న సినిమా హాలుంది. బాల్కనీకి వెళ్ళే మలుపులో మనిషంత ఎత్తు అద్దం ఉంది. సంగీతంతో పాటు మెల్లగా పైకి లేచే ఎర్ర మఖమలు తెర ఉంది. ఒక తల్లి ఉంది, కొడుకున్నాడు, వేళకు అందుకోవాల్సిన రైలు కూడా ఉంది. ఇన్ని ఉన్నాక కావ్యం కాక ఏమవుతుంది అనుకుంటారు. కాలేదు. ఇది అరచేతిలో పట్టే ఒక గాజు ముక్క గురించి, దాని మీద నేను రాసిన నాలుగు వరుసల గురించి. కావ్యానికి నాయకుడు కావాలి. ఇందులో ఉన్నది బుకింగు కిటికీ వెనక కూర్చున్న నేను.

పోయిన వారం మా అమ్మాయి పోరు పడలేక ఒక మాల్‌లో సినిమాకు వెళ్ళాను. సగం సినిమాలో పక్క సీటు కుర్రాడి ఫోను వెలిగింది. చదువుకుని, "అమ్మకి బాగోలేదంటరా" అని స్నేహితుడితో గొణిగి, నా మోకాళ్ళు దాటుకుంటూ వెళ్ళిపోయాడు. చుట్టుపక్కల ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి నా వైపు తిరిగి, "ఏంటి నాన్నా, కామెడీ సీనుకి ఏడుస్తున్నావ్?" అంది. ఏసీ పడలేదన్నాను. అబద్ధాలు చెప్పడంలో నాకు అనుభవం ఉంది, ఆ సంగతి కూడా వస్తుంది.

తొంభైల్లో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడిస్తే సినిమా హాలు కనపడకుండా దాటడానికి కళ్ళు మూసుకోవాల్సి వచ్చేది. మా నాన్న ఉద్యోగం మీద గుంటూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డారు. కొడుకు గ్రూపు పరీక్షలు రాసి ఆఫీసరవుతాడని ఆయన నమ్మకం. నేను కూడా రోజూ లైబ్రరీకని బయల్దేరేవాణ్ణి. దారిలో హాలుంది. లైబ్రరీలో ఫ్యాను తిరిగేది కాదు, హాల్లో జీతమిచ్చేవాళ్ళు. అలా బుకింగు క్లర్కునయ్యాను. చేతిరాత గుండ్రంగా ఉందని మేనేజరు గారు స్లైడ్లు రాసే పని కూడా నాకే అప్పగించారు.

సెల్‌ఫోన్లు లేని రోజులు. హాల్లో ఉన్న మనిషికి కబురు అందాలంటే ఒకటే దారి. చిన్న గాజు పలకను కిరోసిన్ దీపం పొగ మీద పట్టి మసి పట్టించి, దాని మీద పిన్నుతో గీకితే అక్షరాలు తెర మీద తెల్లగా పడేవి. ఫలానా వారు వెంటనే బయటకు రావాలి, అని. నేల క్లాసులో చదువు రానివాళ్ళు చాలామంది. అందుకని ఒక ఆనవాయితీ ఉండేది. స్లైడు పడగానే చదువొచ్చినవాడెవడో గట్టిగా పైకి చదివేవాడు. ఆ పేరు గలాయన చీకట్లో లేచేవాడు. వరసంతా కాళ్ళు ముడుచుకుని దారిచ్చేది. అంతసేపూ హాలు గుడిలా ఉండేది. స్లైడంటే ఎవరింట్లోనో కష్టమొచ్చిందని అర్థం, అది మూడొందల మంది కలిసి మోసే కష్టం.

ఇంత గంభీరమైన వ్యవహారం చూస్తే నాకు చేతులు దురద పెట్టేవి. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరైనా కళ్ళు తుడుచుకుంటుంటే నాకు వాళ్ళ చేతిరుమాలు రంగు మీద వ్యాఖ్యానించాలనిపిస్తుంది. ఒకరోజు మ్యాట్నీలో ఇంటర్వెల్ ముందు ఒక స్లైడు వదిలాను: "బర్కత్‌పుర నుంచి వచ్చిన అక్కయ్య గారికి: పొయ్యి మీద పాలు పెట్టి వచ్చారు." బాల్కనీలో పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారే లేచారు. హాలు పగలబడి నవ్వింది. మర్నాడు: "లోయర్ ట్యాంక్‌బండ్ అల్లుడు గారికి: అత్తగారు దిగారు. దయచేసి బయటకు రావద్దు." అల్లుడు గారి కథ అక్కడితో ఆగలేదు, వారం తిరిగేసరికి ఆయనకు అభిమానులు ఏర్పడ్డారు. మేనేజరు గారు పిలిచి చీవాట్లు పెడతారనుకున్నాను. "సినిమా ఎట్లున్నా నీ స్లైడు కోసం వస్తున్నరయ్యా, కానియ్" అన్నారు. గేటు దగ్గర టికెట్లు చింపే చాచా ఒక్కడే మెచ్చుకోలేదు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ గేటు దగ్గరే ఉన్న మనిషి. "జర సోంచాయించు బేటా. ఆ గాజు నవ్వులాటకు గాదు" అన్నాడు. ముసలాయనకి హాస్యం తెలియదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మ్యాట్నీ మొదలైన గంటకు కిటికీ అవతల ఒకామె నిలబడింది. పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల దగ్గర పని చేసే మనిషి. మోచేతుల దాకా సిమెంటు ఆరిపోయి ఉంది.

"సారూ, మా ఇంటాయన లోపట ఉన్నడు. ఊర్ల మా అత్తకు పానం మీదికొచ్చిందంట, ఎస్టీడీ బూతుకు ఫోను జేసిన్రు. అయిదింటికి కాచిగూడల బండుంది. జర పిలువుండ్రి సారూ."

పేరడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాశాను, చాలు.

ఆమె మొహం చూశాక నాకు కూడా జోకు రాలేదు. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి బుద్ధిగా రాశాను. పేరు. మీ అమ్మకు బాగాలేదు. అయిదింటి బండికి పోవాలి. మీ భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. నాలుగే వరుసలు. పరుగున మెట్లెక్కి ప్రొజెక్టరు గదిలో ఆపరేటరు అన్నకిచ్చాను. స్లైడు పడింది. చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి హాలు ఘొల్లుమంది. భార్య గేటు దగ్గర నిలబడిందట! ఈలలు. "అల్లుడు దొరికిండురో!" అని ఎవడో అరిచాడు. ఆపరేటరు అన్న నా వీపు చరిచి, "కిరాక్ రాసినవ్ తమ్మీ" అన్నాడు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది, దాన్ని చెప్పకుండా తప్పించుకోవడానికే ఇంతసేపు తెరలూ అద్దాలూ వర్ణించాను. ఆ నవ్వు విని నాకు సంతోషం కలిగింది. ఒక్క క్షణమే. నేనేం రాసినా నవ్వుతారన్నమాట, అనుకున్నాను.

కిందికి దిగాక చాచా టార్చి పట్టుకుని, "లోపటికి పోయి పేరు వెట్టి పిలువాల్నా బేటా?" అని అడిగాడు. "ఎందుకు చాచా, స్లైడు పడింది కదా, వస్తాడు" అన్నాను. ఆయన టార్చి ఆర్పేశాడు. ఆమె పాలరాతి మెట్ల మీద కూర్చోలేదు, చీరకున్న సిమెంటు అంటుతుందని పక్కన నేల మీద కూర్చుంది. నాలుగున్నరకు మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చింది. "ఇంకా రాలే సారూ."

"ఫైటింగు నడుస్తోందమ్మా. అదవగానే వచ్చేస్తాడు. కంగారు పడకు."

నా లెక్క నాది. చదివాడు, చదివి కూడా కదల్లేదు, ఇలాంటి మొగుళ్ళను ఎంతమందిని చూడలేదు అనుకున్నాను. పైగా ఫస్ట్ షోకు క్యూ మొదలైంది. లోపలికి నడిచి వెళ్ళడానికి నలభై అడుగులు. నేను లేవలేదు.

అయిదుంబావుకు ఆట వదిలారు. జనంలో ఆయన నవ్వుతూ బయటికొచ్చాడు. పెళ్ళాన్ని చూసి ఆగిపోయాడు. ఆమె చెప్పింది. ఆయన అక్కడే గోడకానుకున్నాడు.

"తెర మీద నీ పేరు ఏసిన్రంట గదా! ఎందుకు రాలే?"

"నాకేం ఎరుక? ఏందో అచ్చరాలు వడ్డయి. ఎవలు సదువలే. అందరు నవ్విన్రు." తనే మళ్ళీ, "నేను గూడ నవ్విన" అన్నాడు.

కిటికీలో నుంచి విన్నాను. పైకి చదివే ఆనవాయితీని నేనే చంపేశానని అప్పుడు అర్థమైంది. నెల రోజులుగా స్లైడంటే నవ్వడానికే అయినప్పుడు, చదువు రానివాడి కోసం ఎవడు చదువుతాడు? వాళ్ళిద్దరూ నారాయణగూడ వైపు పరుగెత్తారు, బండి వెళ్ళిపోయిందని తెలిసీ. నేను టికెట్లిస్తూ కూర్చున్నాను. చాచా నన్నేమీ అనలేదు. అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

నెల తర్వాత ఒక మ్యాట్నీకి ఆయన కిటికీ ముందు నిలబడ్డాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. అడక్కుండా ఉండాల్సింది, అడిగాను. "అందుకోగలిగారా అన్నా ఆ రోజు?"

"తెల్లారి బండికి పోయినం. మా అవ్వ రాత్రే పోయింది." నేల టికెట్టుకు చిల్లర తోశాడు. తర్వాత కిటికీలోకి వంగి, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు: "సారూ, ఆ దినం తెర మీద ఏం రాసిన్రు? అందరు గంత నవ్విన్రు."

నా జీవితంలో నా హాస్యాన్ని వివరించమని అడిగినవాడు ఆయనొక్కడే. మాటకు మాట అంటించేవాణ్ణని కాలనీలో పేరున్నవాణ్ణి, ఆయన తోసిన చిల్లర రెండుసార్లు లెక్కపెట్టాను. "అది మీ స్లైడు కాదన్నా" అన్నాను. "సబ్బుల ప్రకటన. మీది అంతకుముందే వేశాం, మీరు చూసి ఉండరు."

"గట్లనా," అన్నాడు. ఆయన మొహం తేలికపడింది. "నేను అనుకున్న, మా అవ్వ ముచ్చటకే నవ్విన్నేమో అని. మస్తు పరేషాన్ అయిన." టికెట్టు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

మంచి అబద్ధమేనని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఆయనకు ఊరట కలిగింది కదా అని. ఊరట ఆయనకేనా, నాకా అని ఎవరూ అడగలేదు కాబట్టి జవాబు తయారు చేసుకోలేదు. ఆ తర్వాత నేను జోకు స్లైడ్లు మానేశాను. మానేశానని కూడా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే నేనేం రాసినా హాలు నవ్వుతూనే ఉంది. చాచా మాత్రం స్లైడు పడినప్పుడల్లా టార్చి వేసుకుని లోపలికి వెళ్ళి, వరస వరసకూ వంగి ఆ పేరు చెప్పి వచ్చేవాడు. జీతంలో లేని పని. నేను చెడగొట్టినదాన్ని ఆయన మోకాళ్ళ నొప్పులతో బాగు చేశాడు. ముప్ఫై ఏళ్ళు గడిస్తే ఎంత పెద్ద తప్పయినా చిన్నగా కనపడుతుందంటారు. కనపడుతుందేమో, దూరం నుంచి చూసేవాళ్ళకు.

ఇక ఆ గాజు పలక సంగతి. హాలుకు మొత్తం ఆరు పలకలే ఉండేవి, అందుకని ఏదీ దాచేవాళ్ళం కాదు. ఆ సాయంత్రమే దాన్ని తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పొగ మీద పట్టి, ఫస్ట్ షోకు "సైకిళ్ళకు తాళం వేసుకోగలరు" అని రాశాను.