మంచు బండిని సైడ్ అడిగిన రోజు

కుక్కలు లాగే బండి ఎక్కాలని మా నాన్నకు పట్టుకున్న పిచ్చే ఈ ప్రయాణానికి కారణం. ముప్పై రెండేళ్ళు ఎర్రబస్సు నడిపి రిటైరైన మనిషి, స్టీరింగే లేని బండిని టీవీలో చూస్తే ఊరుకుంటారా? మంగళవారం ఆయన ఇండియా ఫ్లైట్. మిగిలింది ఒక్క శనివారం. మేముండే ట్రాయ్‌కి ఉత్తరాన మూడున్నర గంటల దూరంలో అలాంటి బండ్లు తిప్పే ఫామ్ ఒకటి దొరికింది. మనిషికి తొంభై డాలర్లు. పది గంటల స్లాట్ ఒక్కటే ఖాళీ. పావుగంట ఆలస్యమైతే రైడ్ లేదు, డబ్బు వాపసూ లేదు. ఎగిరి గంతేసి బుక్ చేశాను! అది 2012 ఫిబ్రవరి. చాండ్లర్ ఎడారి ఎండల్లోంచి మిషిగన్‌కి మారి నాకు అప్పటికి నాలుగు నెలలే.

పొద్దున్న ఆరింటికి బయల్దేరి సెవెంటీ ఫైవ్ హైవే ఎక్కాం. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ, దారిలో నలభై డాలర్ల పెట్రోలు. నాన్న చిన్నపిల్లాడిలా అద్దానికి అతుక్కుపోయి కూర్చున్నారు. తొమ్మిదిన్నరకు హైవే దిగేసరికి మంచు దంచికొడుతోంది. ఇక పద్నాలుగు మైళ్ళ రెండు లేన్ల రోడ్డు. మా ముందు పసుపు లైట్లు తిప్పుకుంటూ మంచు తోసే పెద్ద ట్రక్కు, స్నోప్లో, ఇరవై మైళ్ళ వేగంతో పాకుతోంది.

"హారన్ కొట్టమ్మాయ్, సైడ్ ఇస్తాడు," అన్నారు నాన్న.

"ఇక్కడ అలా కొట్టరు నాన్నా."

"డ్రైవర్‌కి డ్రైవర్ చెప్పుకునే భాషే అది. ఇంతదూరం వచ్చి కుక్కల మొహం చూడకుండా పోవాలా ఏంటి?"

గడియారం చూశాను. నాక్కూడా తిక్క రేగింది. రెండుసార్లు లైట్లు కొట్టి, బారుగా హారన్ మోగించి, దగ్గరకు పోయి ఎడమకు తిప్పబోయాను. అంతే, ప్లో లేపిన మంచు దుమ్ములో రోడ్డు, ఆకాశం అన్నీ మాయం. అమ్మో! బ్రేక్ మీద కాలు పెట్టి మళ్ళీ వెనక్కి తగ్గాను. దుమ్ము తేలేసరికి ప్లో ఆగి ఉంది. తెల్లగడ్డం డ్రైవర్ దిగి మా వైపు పరిగెత్తుకొస్తున్నాడు.

"ఎవ్రీబడీ ఓకే?"

మాకేదో ఆపద వచ్చి హారన్ కొట్టామనుకున్నాడు పాపం! సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నమాట చెప్పేశాను. ఆయన కేకలెయ్యలేదు.

"నా అద్దాలు నీకు కనపడకపోతే నువ్వు నాకు కనపడవమ్మా. కుడివైపు ఇంకో బ్లేడు చాచి ఉంటుంది. ఎడమవైపు ఈ దుమ్ములో ఎదురొచ్చే బండి నీకు కనపడదు. అసలు నా ముందు రోడ్డెక్కడుంది? రోడ్డు నా వెనకే ఉంది," అన్నాడు. ఎక్కడికని అడిగి, నవ్వాడు. "ఆ ఫామ్ దారి తియ్యాల్సింది కూడా నేనే. నేను వెళ్ళేదాకా అక్కడ ఎవరూ బండి కట్టరు. పది కార్ల దూరం ఉంచి నిదానంగా రా."

నేను తెలుగులో చెప్పగానే నాన్న నోరెళ్ళబెట్టారు. "ఓరి నాయనో! దారి వేసేవాణ్ణే దారి అడిగామా!" తర్వాత గొంతు తగ్గించి, "ఈయన్ని ఎప్పుడైనా వెనకనుంచి ఎవరన్నా గుద్దారేమో అడుగు," అన్నారు. అడిగితే, మూడుసార్లని డ్రైవర్ మూడు వేళ్ళు చూపించాడు.

పదీ ఇరవైకి చేరాం. ఫామ్ ఆవిడ అప్పుడే కుక్కలకు పట్టీలు కడుతోంది. "మీరే ఫస్ట్!" అంది. ఎనిమిది కుక్కలు, నలభై నిమిషాలు, అడవంతా తెలుపు. నాన్న "రైట్ రైట్!" అని కండక్టర్‌లా అరుస్తుంటే కుక్కలు నిజంగానే జోరు పెంచాయి! నవ్వలేక నా పొట్ట నొప్పెట్టింది.

దారి మూసుకుపోయినప్పుడు మన తొందర ఎవరికీ పనికిరాదు, మనకు కూడా. మీరు వెళ్తే ఒక్క పని చెయ్యండి: బుక్ చేసేముందు ఆ రోడ్డు మంచు ఎన్నింటికి తీస్తారో అడిగి, ఆ తర్వాతి స్లాటే తీసుకోండి. ప్లోని దాటాలనే ఆలోచనే రాదు. మంగళవారం ఎయిర్‌పోర్ట్‌లో నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నిన్ను తొందరపెట్టి తప్పు చేశానమ్మా," అన్నారు. "నా బస్సులో ఏ పాసింజరన్నా అలా చేస్తే, దించేసేవాణ్ణి."