లింకులు అడిగే పద్మలత

మడికొండ ఐటీ పార్కులో పద్మలత పని లింకులు అడగడం. పదిమంది చదివే వెబ్‌సైటులో తమ కస్టమర్ దుకాణం పేరు పెట్టించి, దాని మీద నొక్కితే ఆ దుకాణం సైటు తెరుచుకునేలా చేయిస్తే, గూగుల్‌లో వెతికేవాళ్లకు ఆ దుకాణం ముందు కనిపిస్తుంది. పక్క సీటు వాళ్లు ఒకే మెయిల్‌ను రోజుకు రెండు వందల మందికి పంపుతారు. ఈమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఎదుటివాళ్లు రాసిందంతా చదివాకే అయిదారుగురికి రాస్తుంది. "గిట్లయితే ఈ నెల కస్టమర్ పోతడు అక్కా," అని టీం లీడర్ సాయితేజ రోజూ గొణుగుతాడు.

ఆ కస్టమర్‌ది కొత్తవాడలో జంపఖానాల దుకాణం. ఆ నేతపనుల మీద బ్లాగు రాసే రిటైర్డ్ మాస్టారు రాజేశ్వర్ రావు ఆమె మెయిల్ చూసి ఫోన్ చేశారు. "అందరు నా బ్లాగు మస్తుగున్నదనే రాస్తరు. నువ్వు నిజంగ చదివినవా అమ్మా?"

"చదివిన సార్. పోగును బిగించి కొట్టే పంజా కట్టెదని రాసిన్రు. అది ఇనుపది. మాది కొత్తవాడనే, మా అమ్మ చేతిల చిన్నప్పటి సంది చూసిన."

పక్కనే వింటున్న సాయితేజ తల పట్టుకున్నాడు. లింకు అడగబోయి ఎవరైనా తప్పులెంచుతారా?

సాయంత్రానికి మాస్టారు తప్పు దిద్ది, దుకాణానికి లింకు పెట్టారు. కింద ఇంకో వాక్యం చేర్చారు: "తప్పు చూపిన కొత్తవాడ పద్మలతకు కృతజ్ఞతలు." పద్మలత అలవాటు కొద్దీ దుకాణం పేరు మీద నొక్కింది, సైటు తెరుచుకుంది. తర్వాత తన పేరు మీదా నొక్కింది. అది ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.